కాళ్ళాగజ్జె పాటలో మందున్నదా?

కర్నూలునుండి హంద్రి దాటినంతనే కల్లూరు. ఒకప్పుడు అది వేరే ఊరు. పట్టణము పెరిగి పెరిగి దానిని తనలో కలుపుకొన్నది. అయినను పాత వీధులలోనికి పోయినచో మట్టిమిద్దెలు కొన్ని యింకను నిలిచియున్నవి. వాని ముందు నాపబండలు పరచిన అరుగులు, ఆ అరుగులమీద పొద్దుగ్రుంకువేళ కాళ్ళు చాచి కూర్చున్న పిల్లలు కనబడుదురు. కొన్నేండ్ల క్రిందట అట్టి యొక వీధిలో నాకు చిన్న పరాభవము జరిగినది. దానికి కారకులు ఇతరులు కారు, నేనే. ఆ సంగతి చెప్పనిదే ఈ పాటను గూర్చి నేను చెప్పదలచినది అర్థము కాదు.

ఆ ఊరివారు కొందరు జానపద గేయములపై మాటలాడుమని నన్ను పిలిచిరి. ఆ దినములలో నాకు 'పాటలలోని మర్మము' అను విషయముపై మక్కువ ఎక్కువ. ఏ పాట విన్నను దాని పొరలు విప్పి, లోపల నేదో దాగియున్నదని చూపినగాని తృప్తి కలిగెడిది కాదు. ఆనాడు కాళ్ళాగజ్జె పాటను తీసికొంటిని. ఆ ఆట ఎరుగని తెలుగువారు అరుదు. పిల్లలు వరుసగా కాళ్ళు చాచి కూర్చుందురు. పెద్దామె యొకతె ఎదుట కూర్చుండి, మాటకొక కాలు చొప్పున తాకుచు పాట చెప్పుకొనుచు పోవును. పాట ఏ కాలివద్ద ముగిసినదో ఆ కాలు ముడుచుకొనవలెను. కాళ్ళన్నియు ముడుచుకొనువరకు పాట మరల మరల తిరుగుచుండును.

నేను సభకు చెప్పిన దిది: "ఇది ఆట కాదు, వైద్యుని చీటి. పిల్లలు గజ్జె యనుచున్నారు గాని అది గజ్జి. ఒక్క గుణింతపు గుర్తు మారినది, అంతే. కాళ్ళకు గజ్జి పట్టినప్పుడు ఏమి చేయవలెనో పెద్దలు పాటగా కట్టి, మరచిపోకుండ పిల్లల నోటనే నిలిపినారు. కంకాళమ్మ యొక ఆకు. దానితో తగ్గనిచో వెలగ, అదియు కానిచో మోదుగ, అదియు కానిచో నిమ్మ. ఇట్లు గుమ్మడి, మిరియము, మన్ను, గంధము వరకు వరుస యున్నది. ఒకటి కాదు, మరియొకటి యని పాట అనుటకు అర్థము, దానితో నయము కానిచో దీనిని వాడుమని."

ఈ వ్యాఖ్య నా స్వంతము కాదు. అప్పటికే చాలమంది నోట నానుచున్నది. నేను చేర్చిన దొక్కటి కలదు. మోదుగ గింజలను నిమ్మరసముతో నూరి తామరకు, దురదకు పూయుట మన దేశీయ వైద్యమున నిజముగా నున్నది. పాటలోను మోదుగ వెంటనే నిమ్మ వచ్చుచున్నది! మోదుగ 'నీడ' యని ఏల అన్నారనగా, మందులను నీడన ఎండబెట్టుట వైద్యుల ఆచారము గనుక. ఈ మాట అన్నప్పుడు సభలో చప్పట్లు మ్రోగినవి. నాకును నా తెలివిపై ముచ్చట వేసినది.

అంతట వెనుకనుండి ఒక వృద్ధుడు లేచి, నేను చెప్పినది చాల పైపై అర్థమనియు, పాటలో తత్త్వమున్నదనియు అన్నాడు. కంకాళ మనగా ఎముకల గూడు, అనగా ఈ దేహము. వేగుచుక్క జ్ఞానోదయము. మొగ్గ కాదు, నీడ కాదు, బావి కాదు అని ఒక్కొక్కదానినే త్రోసివేయుట ఉపనిషత్తులోని 'నేతి నేతి'. కడపట కాలు ముడుచుకొనుట, తాబేలు తన యంగములను లోనికి తీసికొన్నట్లు యోగి ఇంద్రియములను మరలించుకొనుట. ఈ సీమలో ఇట్టి వ్యాఖ్య వినబడుట ఆశ్చర్యము కాదు. బనగానపల్లె, కందిమల్లయపల్లెలు వీరబ్రహ్మముగారు నడయాడిన చోట్లు. ఏకతార మీటుచు తత్త్వములు పాడు బైరాగులను విని పెరిగినవారికి, తొమ్మిది వాకిళ్ళ యిల్లన్న దేహమే, చిలుక యన్న ప్రాణమే. అక్కడ మర్మము వ్యాఖ్యాత కల్పించినది కాదు. పాట కట్టినవాడే బుద్ధిపూర్వకముగా దాచినాడు, శిష్యుడు విప్పుకొనునని తెలిసి దాచినాడు. దానినే పిల్లల ఆటపాటకును తగిలించుట ఆ పెద్దాయన అలవాటు. నాది వైద్యపు అలవాటు. భేద మంతమాత్రమే.

సభ ముగిసినది. జనులు చెదరిపోవుచుండగా, కూలిపనినుండి నేరుగా వచ్చినట్లున్న ఒక యువతి నాలుగైదేండ్ల పిల్లవానిని చంకనెత్తుకొని నావద్దకు వచ్చినది. వాని కాళ్ళమీది లాగు పైకి తీసి చూపినది. పిక్కలనుండి పాదములవరకు గీరి గీరి పుండ్లు పడియున్నవి.

"అయ్యా, ఆ కంకాళమ్మ ఆకు ఎట్లుంటాది? యాడ దొరుకుతాది? నెల దినాలాయ, రాత్రిళ్ళు గీరుకొని గీరుకొని వీడికి నిద్దరే లేదు."

నాకు నోట మాట రాలేదు. కంకాళమ్మ ఆకు ఎట్లుండునో నాకు తెలియదు. నేను చదివిన వ్యాఖ్యలో పేరు మాత్రమున్నది, మొక్క లేదు. వేగుచుక్క కూడ ఒక మూలికయే యని గంట క్రిందట ధైర్యముగా చెప్పియుంటిని. అదియు చూచినవాడను కాను. ఏ జిల్లేడు పాలో, ఏ చిత్రమూలపు వేరో చూపి, ఇదే కావచ్చునని నేను అన్నచో ఆమె ఆ రాత్రియే పూసియుండును. చిత్రమూలము తగిలిన చర్మము నిప్పు తగిలినట్లు బొబ్బలెక్కును. ఆమె అడిగినది పాటకు అర్థము కాదు, బిడ్డకు మందు. నేను పాటలో మందున్నదని చెప్పితిని గనుక అడిగినది. అందులో ఆమె తప్పేమున్నది?

"తల్లీ, ఆ ఆకు నాకు తెలియదు. రేపు వీనిని ఆసుపత్రికి తీసికొని పొమ్ము" అని మాత్రము అంటిని. ఆమె నా ముఖమువంక ఒక్క క్షణము చూచి, పిల్లవాని లాగు సరిచేసికొని వెళ్ళిపోయినది.

ఆ రాత్రి నేను బస చేసిన ఇంట పాటను మరల మొదటినుండి తలచుకొంటిని. ఈసారి చప్పట్లకొరకు కాదు.

గజ్జి యనగా ఏమి? కంటికి సులభముగా కనబడని, సాలెపురుగు జాతికి చెందిన యొక క్రిమి చర్మములో తొలిచి గ్రుడ్లు పెట్టుటచేత వచ్చు జబ్బు. దీనికి క్రిమియే కారణమని ఇటలీ దేశమున బొనోమో యను వైద్యుడు 1687లోనే వ్రాసినాడు. ఇరుకిండ్లలో ఒకే దుప్పటి క్రింద పండుకొను పిల్లలకు ఇది ఒకరినుండి యొకరికి అంటును. ఇది సామాన్యముగా తొలుత తల చూపు చోటు చేతివ్రేళ్ళ సందులు, మణికట్టు. పసివాండ్రకు కాళ్ళకును రావచ్చును గాని, గజ్జి పేర పాట కట్టదలచిన యవ్వ ముందుగా చేతులనే తలచుకొనును. బ్రౌనుదొర 1852లో అచ్చువేసిన నిఘంటువులో గజ్జి వేరు, గజ్జె వేరు. కాలికి గజ్జె కట్టుట మన యింట పసిపిల్లలకు చేయు మొదటి ముద్దు. కాళ్ళను పిలుచు పాట గజ్జెతో మొదలగుటకు వేరే కారణము వెదకవలెనా?

రెండవది, ఆ 'కాదు'. తెలుగున 'మొగ్గ కాదు' అన్నచో 'అది మొగ్గ యనుకొంటివా? కాదు' అనియే అర్థము. మొగ్గతో నయము కాలేదని చెప్పవలెనన్న మనకు వేరే మాట లున్నవి. ఏ పల్లెటూరి తల్లియు మందు పనిచేయలేదని చెప్పుటకు 'మందు కాదు' అనదు. ఆలంకారికులు దీనిని అపహ్నుతి యందురు. ఉన్న వస్తువును కాదని, మరియొకటి యని చెప్పుట. పిల్లలకు ఇది పెద్దల ఎగతాళివలె నుండును. పట్టుకొన్నాననుకొన్న వస్తువు చేతిలోనుండి జారి మరియొకటి యగుచుండును. నవ్వు పుట్టునది అందుకే.

మూడవది నన్ను పూర్తిగా ఓడించినది. మన పద్యములలో యతిమైత్రి యను నియమము కలదు. పాదము మొదటి యక్షరమునకును నడుమ నిర్ణీతస్థానమందలి యక్షరమునకును హల్లులోను అచ్చులోను చెలిమి యుండవలెను. నేను విన్న పాఠములో ఏ మాట వెంట ఏ మాట వచ్చినదో వ్రాసి చూచికొంటిని. వేగుచుక్క వెంట వెలగ. మొగ్గ వెంట మోదుగ. నీడ వెంట నిమ్మ. మీసము వెంట మిరియము. మన్ను వెంట మంచిగంధము. ఇవి స్పష్టమే. కూర వెంట గుమ్మడి వచ్చినది. క గ లది ఒకే వర్గము, కొమ్ము రెండింటికి సమానము. పోతు వెంట బొమ్మలు వచ్చినవి. ప బ లది ఒకే వర్గము. బావి వెంట వావింట వచ్చినది. బ వ ల యభేదము లాక్షణికు లంగీకరించినదే! చదువురాని యవ్వలు కట్టిన పాటలో వర్గయతి, అభేదయతి కూడ చక్కగా పడినవి. ఒక్క శెట్టి వెంట శామమన్ను వచ్చినచోట మాత్రము అచ్చు కుదురలేదు. ప్రబంధకవులకే యతిభంగపు నిందలు తప్పలేదు, అవ్వల పాటలో ఒక్కటి క్షమింపదగినది.

అనగా మోదుగ వచ్చినది తామర మాన్పుటకు కాదు, మొగ్గ పిలిచినందుకు. నిమ్మ వచ్చినది రసముకొరకు కాదు, నీడ పిలిచినందుకు. మాటను మాట చేయిపట్టి లాగుచున్నది. ముందరి మాటను అందిపుచ్చుకొని తరువాతి మాటతో జతకట్టు ఈ గొలుసు పిల్లవాని నాలుకకు ఎంత సుకరమో, లెక్కించు వేలికి అంత సుకరము. మోదుగయు నిమ్మయు వైద్యములోను ఒకచోట కలియుట కాకతాళీయము. నా చప్పట్ల మూలము ఆ కాకతాళీయమే.

ఇట్టి వ్యాఖ్యలు ఎంత తేలికగా అల్లవచ్చునో చూచుటకు ఆ రాత్రి నేనే మరియొకటి అల్లితిని. రాయలసీమలో ఒకప్పుడు నారికురుపు పీడ యుండెడిది. మెట్లు దిగి నీళ్ళు ముంచుకొను దిగుడుబావులే దానికి ఆటపట్టులు. ఆ నీటిలోని సూక్ష్మజీవులతో కూడ పురుగుపిల్ల కడుపులోనికి పోయి, ఏడాదికి మూరెడు రెండుమూరల దారమువలె పెరిగి, చాలవరకు కాలినుండియే బయటికి వచ్చును. దానిని ఒక పుల్లకు చుట్టి దినమునకు కొంచెము కొంచెముగా లాగెడివారు. తెగినచో కాలు వాచి మనిషి మంచమెక్కును. దేశములో దీని నిర్మూలనమునకు 1983-84లో పని మొదలై, కడపటి రోగి 1996లో రాజస్థానమున కనబడగా, 2000 సంవత్సరమున ఈ దేశము దానినుండి విముక్తమైనదని ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువపరచినది. ఇప్పుడు పాట చూడుడు. కాళ్ళు ఉన్నవి. బావి యున్నది. మీసము, అనగా పుండునుండి తొంగిచూచు తెల్లని వెంట్రుకవంటి పురుగు, ఉన్నది. కడపట చుట్టుటకు గంధపు చెక్క కూడ ఉన్నది! గజ్జి కంటె ఇది ఎంతో బాగుగ కుదిరినది. ఇంత బాగుగ కుదిరినది గనుకనే నాకు భయము వేసినది. నేను గంటసేపటిలో అల్లినదానిని మరునాడు ఏ సభలోనైన చెప్పినచో, పదేండ్లకు అది 'పెద్దలు చెప్పినమాట' యగును. అంత శ్రమ వలదనువారికి మరియొకటి ఉచితముగా ఇచ్చుచున్నాను. వైద్యులు గజ్జికి తరతరములుగా వాడినది గంధకము. పాటలోని గంధమునకు ఒక్క యక్షరము తక్కువ. దీనిని ఇంతవరకు ఎవరును చెప్పినట్లు నేను వినలేదు.

ఈ జబ్బు మనకే గాదు. మన కాన్వెంటు పిల్లలు చేతులు పట్టుకొని తిరుగుచు పాడు 'రింగ రింగ రోజెస్' ఇంగ్లీషు పాట 1665 నాటి లండను మహామారిని గూర్చినదని గట్టిగా నమ్మువారు కోట్లకొలది యున్నారు. ఆ పాట ఇంగ్లండులో అచ్చున కనబడినది 1881లో, కేట్ గ్రీనవే బొమ్మల పుస్తకమున. మహామారి వ్యాఖ్య వ్యాప్తికి వచ్చినది రెండవ ప్రపంచయుద్ధము తరువాత. పిల్లల పాటలకొరకు జీవితము ధారపోసిన ఓపీ దంపతులు తమ 1985 నాటి గ్రంథమున ఆ కథను త్రోసిపుచ్చిరి. అయినను అది చావలేదు. పసిపిల్లల పాట వెనుక శవములున్నవన్న మాటకు ఒక ఆకర్షణ యున్నది. మన పాట వెనుక శాస్త్రమున్నదన్న మాటకు అంతకు మించిన ఆకర్షణ. మన అవ్వలను మనము ఊరకే గౌరవింపలేము. వారు వైద్యులైనట్లో, వేదాంతులైనట్లో ఋజువు కావలెను.

అట్లని పాటలలో మరుగుపడిన అర్థమే ఉండదని నేను అనను. ఏ సీమ పాటలోనైన 'ధాత' యను మాట వచ్చినచో పట్టణవాసి బ్రహ్మదేవుడనుకొని సాగిపోవును. ఈ నేలమీది ముసలివారికి అది 1876లో వచ్చిన ధాత నామసంవత్సరము, ఆ యేడు మొదలై 1878 వరకు ఊళ్ళను ఊడ్చిన కరవు. ఇట్టి అర్థమునకు సంవత్సరమున్నది, సాక్ష్యమున్నది, చెప్పుకొన్న మనుష్యులున్నారు. కంకాళమ్మ ఆకునకు అవి ఏవియు లేవు.

ఇంతవరకు నాకు నేనే చెప్పుకొన్నది. మిగిలినది ఆ ఇంటి అవ్వ చెప్పినది.

మరునాటి సాయంకాలము ఆమె అరుగుమీద మనుమలను, పొరుగు పిల్లలను కూర్చుండబెట్టి ఆ ఆటయే ఆడించుచుండెను. నేను ప్రక్కన కూర్చుండి చూచితిని. మొదట వినుచుంటిని, కొంతసేపటికి వినుట మాని ఆమె చేతిని చూడసాగితిని. ఆ చేయి కాలిని తాకి పోవుట లేదు. పాదముమీద ఆగుచున్నది, మడమ క్రిందికి పోవుచున్నది, వ్రేళ్ళ సందులను విప్పుచున్నది. పాట మాత్రము తెగకుండ నడచుచున్నది. ఒక పిల్లవాని యరికాలివద్ద పాట నిలిపి, కొంగుకు గ్రుచ్చియున్న పిన్నీసుతో పల్లేరుముల్లు తీసి, ఉమ్మి తడి రాచి, ఆపిన మాటనుండియే మరల అందుకొన్నది. ఒక బాలిక మోకాలు చూచి లోపలికి కేక వేసి పసుపు తెప్పించినది.

"అవ్వా, ఈ పాటకు అర్థమేమి?" అని అడిగితిని.

"అర్థమేముంటాది నాయినా? పొద్దంతా చేలెంబడి, దిబ్బలెంబడి తిరిగొస్తారు. ఏదీ కాలు చూపీ అంటే తిడతామని దాచిపెట్టుకుంటారు. ఈ ఆట ఆడిస్తే వాళ్ళే చాపుతారు."

నేను ఏమియు అనలేదు.

నిన్నటి యువతియు ఆ వీధిలోనిదే. పిల్లవానిని ఆసుపత్రికి తీసికొని పోయి వచ్చినది. వైద్యుడు గజ్జియే యని చెప్పి, మెడనుండి అరికాలివరకు రాయుటకు మందిచ్చి, ఒక్క పిల్లవానికే గాక ఇంటిలోని వారందరును ఒకేసారి రాసికొనవలెననియు, వారమునకు మరల రాయవలెననియు, పక్కబట్టలు వేడినీటిలో ఉతుకవలెననియు చెప్పినాడట. పాటలో ఎక్కడను ఈ మాట లేదు. ఆ పిల్లవానిని ఆట అరుగుమీదికి రానీయలేదు. వీధి కవతల తల్లి ఒడిలో కూర్చుండి చూచుచున్నాడు. "వీడి పుండ్లు మీకెవరికైనా ముందే కనబడలేదా?" అని అవ్వనడిగితిని. "మా అరుగుకు రారు నాయినా. కాంట్రాక్టు పనికి యాడాడికో పోతాంటారు. వాళ్ళ అవ్వ ఊర్లో లేదు" అన్నది.

చీకటి పడుచుండెను. నేను లేవబోగా అవ్వ, "నువ్వూ చాపు నాయినా, ఎంతసేపు చూస్తావు?" అన్నది. పిల్లలు కేరింతలు కొట్టిరి. అరువదేండ్లు దాటిన నేను చెప్పులు విడిచి, పిల్లల వరుస చివర కాళ్ళు చాచి కూర్చుంటిని. పాట మొదలైనది. నాకు పదిహేనేండ్లుగా మధుమేహము. దినమున కొకసారి పాదములు పరీక్షించుకొమ్మని వైద్యులు ఎన్నిసార్లో చెప్పియున్నారు. వంగి చూచుకొనుటకు నాకెన్నడును తీరిక లేదు. అవ్వ చేయి వరుసవెంట వచ్చి, నా యెడమపాదముమీద ఆగి, క్రిందికి పోయి, బొటనవ్రేలి మొదట నిలిచిపోయినది. పాట ఆగినది.

"ఇది ఎన్నాళ్ళ పుండు నాయినా?"

అక్కడ పుండున్నట్లు నాకు తెలియదు.